చచ్చిన చేప సాక్ష్యం చెప్పదు

"'రేపటికల్లా నీ చేపలన్నీ వెల్లకిలా తేల్తాయి బావా.' ఈ మాట నువ్వు అన్నావా, అనలేదా?"

"అన్నాను."

"అయిపోయింది. ఇంకేం కావాలి గురువుగారూ మీకు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, గోడకి జారబడి చేతులు కట్టుకుని.

ప్రశ్న అడిగినాయన తల తిప్పలేదు. లాకప్ ఊచలకి అవతల ఉన్న మనిషినే చూస్తూ కూర్చున్నాడు. ఈయన్ని అందరూ నిదానం అంటారు. చాలాకాలం పోలీసు ఉద్యోగం చేసి, ఒకరోజు టోపీ బల్ల మీద పెట్టేసి వచ్చి, ఇప్పుడు సొంతంగా కేసులు చూసుకుంటున్నాడు. జవాబు వచ్చాక కూడా కాసేపు ఊరుకోవడం ఈయన అలవాటు. ఆ ఊరుకోవడం భరించలేక చాలామంది రెండో జవాబు కూడా చెప్పేస్తుంటారు.

ఇన్‌స్పెక్టరు ఒకప్పుడు ఈయన దగ్గరే పని నేర్చుకున్నాడు. అందుకే గురువుగారూ అంటాడు. ఆ 'గారూ'లో గౌరవం చిటికెడు, కారం గుప్పెడు.

లాకప్‌లో ఉన్నవాణ్ణి అందరూ బామ్మర్ది అంటారు. చేపల చెరువుల యజమాని భార్యకి తమ్ముడు. యజమానికి బామ్మర్ది కాబట్టి పనివాళ్ళ దగ్గర్నుంచి మేత లారీ డ్రైవరు దాకా అందరికీ బామ్మర్దే. చివరికి సెంట్రీ కూడా "బామ్మర్దీ, మంచినీళ్ళు కావాలా?" అని అడుగుతున్నాడు.

విషయం చిన్నదే. ఆదివారం మధ్యాహ్నం బావాబామ్మర్దులు మేత గోడౌన్ ముందు గొంతులు పెంచుకుని పోట్లాడుకున్నారు. పనివాళ్ళంతా విన్నారు. సాయంత్రం బామ్మర్ది బండి నాలుగో చెరువు గట్టు మీద కనపడింది. సోమవారం తెల్లారేసరికి నాలుగో చెరువులో తిలాపియా చేపలన్నీ పొట్టలు పైకెట్టి తేలాయి. గట్టు కింద గడ్డిలో పురుగుమందు డబ్బా ఖాళీది దొరికింది. చచ్చిన చేపల ముక్కల్ని పరీక్షకి పంపితే విషం ఉందని రాసిచ్చారు. ఇవాళ గురువారం. సాయంత్రం ఐదింటికి జడ్జి ముందు నిలబెడతారు. అక్కడి నుంచి జైలుకే.

"ఆ మాట ఎందుకన్నావ్?" అడిగాడు నిదానం.

"కోపంలో."

"కోపంలో 'నాశనమైపోతావు' అంటారు. 'మట్టికొట్టుకుపోతావు' అంటారు. రేపటికల్లా అని టైము పెట్టి తిట్టేవాణ్ణి నేనెప్పుడూ చూళ్ళేదు."

బామ్మర్ది ఊచ మీది తుప్పు గోటితో గీకాడు.

నిదానం ఊరుకున్నాడు. ఫ్యాను తిరుగుతోంది. ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకున్నాడు.

"చేపలు గిరగిరా తిరుగుతున్నాయి సార్," అన్నాడు బామ్మర్ది చివరికి, నేల చూపులు చూస్తూ. "తిన్నగా ఈదట్లేదు. తాగినోడి నడకలా ఉంది. మేత వేస్తే ముట్టట్లేదు. ఇలాంటివి బతకవు."

"అది ఆదివారం సాయంత్రం నువ్వు గట్టు మీదకెళ్ళి చూసింది. మరి మధ్యాహ్నమే ఎలా అన్నావ్? ఎవరు చెప్పారు నీకు?"

బామ్మర్ది మొహంలో తలుపు మూసుకున్నట్టయింది.

"ఎవరూ చెప్పలేదు. నేనే పోశాను విషం. రాసుకోండి."

ఇన్‌స్పెక్టరు చప్పట్లు కొట్టాడు, రెండే రెండు. "మా మీద కోపం వద్దు గురువుగారూ. మీరొచ్చిందాకా ఒప్పుకోలేదు వీడు. మీరొచ్చి ఒప్పించారు. మీ చెయ్యి మంచిది."

నిదానం లేచి కుర్చీ మడిచి గోడకి ఆనించాడు. "ఏ మందు పోశావురా?" అన్నాడు వెళ్తూ వెళ్తూ, ఏదో మర్చిపోయినట్టు.

"ఏదో... తెల్ల డబ్బా."

"గడ్డిలో దొరికింది నీలం డబ్బా," అన్నాడు నిదానం ఇన్‌స్పెక్టరుతో. "మీ చప్పట్లు వెనక్కి తీసుకోండి."

*

స్టేషను వరండాలో బెంచీ మీద యజమాని భార్య కూర్చుని ఉంది. తమ్ముడి కేసు చూడమని నిదానాన్ని కుదుర్చుకుంది ఈవిడే. కుదుర్చుకున్నట్టు మొగుడికి తెలీదు. తెలిస్తే ఏమంటాడో మొన్ననే చెప్పింది: "'నీకు తమ్ముడు కావాలో నేను కావాలో తేల్చుకో' అన్నారన్నయ్యా. ఇంకో మాట లేదు." చెరువుల దగ్గర అందరూ అక్కా అని పిలిచే మనిషి. ఒళ్ళో పెద్ద చేతిసంచీ, దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"ఏమన్నాడన్నయ్యా?"

"తనే పోశానంటున్నాడమ్మా. డబ్బా రంగు మాత్రం తెలీదు."

ఆవిడ కళ్ళు మూసుకుంది. చెయ్యెత్తి నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు గుప్పున కొట్టింది లవంగ నూనె వాసన.

"పన్ను నొప్పా?"

"ఆఁ? ఆఁ... అవునన్నయ్యా. రాత్రి నుంచి."

"నేను చెరువు దగ్గరికి వెళ్తున్నాను. వాడికి ఆదివారం ఎవరో చెప్పారమ్మా, చేపలు చస్తాయని. ఆ చెప్పినవాళ్ళని కాపాడుతున్నాడు. నీకేమైనా తెలుసా?"

"నాకేం తెలుసు?" అంది. మరీ త్వరగా అంది.

నిదానం ఆగలేదు. వెనకే ఇన్‌స్పెక్టరు జీపు కూడా బయల్దేరింది. ఈయన ఏం కెలుకుతాడో దగ్గరుండి చూడాలని ఆయన ఉబలాటం.

*

నాలుగో చెరువు ఇప్పుడు ఖాళీ ఇల్లులా ఉంది. చచ్చిన చేపల్ని సోమవారమే గొయ్యి తీసి సున్నం పోసి పూడ్చేశారు. నీళ్ళు సగం తోడేసి కొత్త నీళ్ళు పెట్టారు. నిదానం ప్యాంటు పైకి మడుచుకుని ఒడ్డున నాచు దగ్గర వంగాడు. చేత్తో నాచు పెద్ద ముద్ద లాగి గట్టు మీద వేశాడు. ముద్దలోంచి చిటికెనవేలి గోరంత రొయ్యలు టపటపా ఎగిరాయి.

"రాత్రి భోజనానికా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"పురుగుమందు చుక్క తగిలితే మొట్టమొదట చచ్చేవి ఇవీ, నీటి పురుగులూ. చేప తర్వాత. రొయ్యా పురుగూ ఒకటే జాతి లెక్క దానికి."

"కొత్త నీళ్ళలో కొట్టుకొచ్చి ఉంటాయి."

నిదానం వేలు చూపించాడు. నీళ్ళు వచ్చే గొట్టం మూతికి దోమతెర కన్నా సన్నటి జల్లెడ బిగించి ఉంది. ఇన్‌స్పెక్టరు దాని దాకా వెళ్ళి వేలితో గీకి చూశాడు. తిరిగొచ్చి, "రొయ్యలు కోర్టుకి రావు గురువుగారూ. విషం ఉందన్న కాగితం వస్తుంది," అన్నాడు.

"ఆ కాగితంలో ముక్కలున్న సీసాలో విషం ఉందని రాశారు. చెరువులో విషం ఉందని ఎవరు రాశారు? నీళ్ళు పంపారా పరీక్షకి?"

"నీళ్ళు మార్చేశారుగా అప్పటికే."

"ఎవరు మార్చమన్నారు?"

"చేపల డాక్టరు. మిగతా చెరువులకి పాకకుండా."

"సీసా ఎవరిచ్చారు మీకు?"

"ఆయనే." ఇన్‌స్పెక్టరు చిరాకు పడ్డాడు. "చదువుకున్న డాక్టరండీ. చేపల్ని ఆయన కొయ్యక నేను కోస్తానా? అందులో సగం ముక్కలు మీకూ ఇచ్చాను, రూలు ప్రకారం. వాటినేం చేశారు? పిల్లికి పెట్టారా?"

"ఒకావిడకి ఇచ్చాను. ఇంకా ఫోను రాలేదు," అన్నాడు నిదానం.

గట్టు చివర రేకుల షెడ్డు. బల్ల, ఫ్రిజ్జు, అరలో చిన్న చిన్న ఎర్ర మూతల సీసాలు, మూల ఒక ప్లాస్టిక్ తొట్టి. చేపల డాక్టరు అక్కడే ఉన్నాడు. తెల్ల కోటు, పలచటి జుట్టు. వీళ్ళని చూసి లేచి, ఫ్లాస్కులోంచి టీ వంపబోయాడు. సగం కప్పులో పడింది, సగం బల్ల మీద.

"షుగరండీ," అన్నాడు నవ్వుతూ, వణికే చేతిని జేబులో పెట్టుకుంటూ. "రెండేళ్ళ నుంచీ ఇదే ఆట. సంతకం పెడితే బ్యాంకువాళ్ళే గుర్తుపట్టట్లేదు."

నిదానం టీ తీసుకుని షెడ్డంతా తిరిగాడు. నేల మీద సున్నం పొడి చల్లి ఉంది. అందులో బకెట్ల అడుగుల గుర్తులు గుండ్రంగా రెండు, పక్కపక్కనే. బకెట్టు మాత్రం ఒకటే, కడిగి బోర్లించి ఉంది. తొట్టి దగ్గర వంగి లోపల చెయ్యి పెట్టాడు. తడి. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఈ తొట్టి ఎందుకు డాక్టరుగారూ?"

"చేపల్ని నిద్రపుచ్చడానికి. బతికున్న చేపని కొయ్యాలంటే ఎగిరెగిరి పడుతుంది కదా. నీళ్ళలో లవంగ నూనె రెండు చుక్కలు వేస్తే మత్తుగా పడుకుంటుంది. అప్పుడు కోస్తాం. మా బలం పొడి పరీక్షకి ప్రతి శనివారం కొయ్యాలి."

"బలం పొడా?"

డాక్టరు మొహం వెలిగింది. యజమానీ తనూ కలిసి తయారుచేసిన పొడి అట. మేతలో కలిపి పెడితే చేప ఒంట్లో రోగాన్ని తట్టుకునే జీన్లు మేల్కొంటాయట. నాలుగో చెరువులో దాని పరీక్ష జరుగుతోంది. రేపు పెద్ద మేత కంపెనీ వాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. "ఇప్పుడు నాలుగో చెరువు పోయింది. ఇక రెండో చెరువే చూపించాలి. వాడెవడో చేసిన పాపానికి..." అని నిట్టూర్చాడు.

"ఈ షెడ్డులో ఎప్పుడు పని చేశారు ఆఖరుసారి?"

"సోమవారం. చచ్చిన చేపల్ని కోశాను, పోలీసువారి కోసం. తర్వాత ఎవరూ ముట్టుకోలేదు."

నిదానం తడి వేళ్ళని ప్యాంటుకి తుడుచుకున్నాడు. జేబులో ఫోను మోగింది. "మేడమ్," అని, స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టాడు. "చెప్పండమ్మా. నా పక్కన ఇన్‌స్పెక్టరుగారూ, చేపల డాక్టరుగారూ ఉన్నారు."

జీన్ల ల్యాబ్ మేడమ్ గొంతు పిల్లలకి పాఠం చెప్పే గొంతు. "మీరు పంపిన ముక్కలు చూశానండీ. చచ్చి తేలిన చేపల్ని సోమవారం పొద్దున కోసినవి అన్నారు కదూ? కాదు."

"కాదా?"

"జీన్లు ఉంటాయే, అవి ఇంట్లో ఉన్న పెద్ద వంటల పుస్తకం లాంటివి. ఇవాళ ఏది వండాలో అది చిన్న చీటీ మీద రాసుకుంటుంది ఒళ్ళు. మేం చదివేది ఆ చీటీలని. చేప చచ్చిందంటే, ముఖ్యంగా వెచ్చటి నీళ్ళలో, ఆ చీటీలు గబగబా చిరిగి గుజ్జయిపోతాయి. రాత్రంతా చెరువులో తేలిన చేప నుంచి నాకు ఒక్క అక్షరం రాకూడదు. మీ ముక్కల్లో ప్రతి చీటీ కొత్త నోటులా ఉంది. అంటే ఆ చేపల్ని ఊపిరుండగానే కోశారు. కోసిన వెంటనే మందులో వేశారు."

ఇన్‌స్పెక్టరు గోడకి ఆనించిన వీపు తీశాడు.

"ఇంకోటి," అంది మేడమ్. "విషం చూడ్డానికైతే మొప్పలైనా, కాలేయమైనా తీస్తారు. ఇది తల కిడ్నీ. మొప్పల వెనక నల్లగా చిన్న ముక్క, రోగంతో పోట్లాడే సైన్యమంతా అక్కడే పుడుతుంది. పొట్ట చించి వెతుక్కుని తియ్యాలి. విషం కోసం దాన్ని ఎవరూ తియ్యరండీ. ఎంత శుభ్రంగా తీశారో! పక్క కండ రవ్వంత కూడా అంటలేదు. ఎవరిదో గానీ బంగారం లాంటి చెయ్యి."

నిదానం డాక్టరు జేబు వైపు చూశాడు. చెయ్యి ఇంకా జేబులోనే ఉంది.

"చీటీల్లో ఏముందమ్మా?"

"గంటలు మోగుతున్నాయి. పురుగు ఒంట్లోకి దూరగానే, అంటే బ్యాక్టీరియా అండీ, మొదట కొన్ని జీన్లు గంట కొడతాయి, దొంగలు పడ్డారు లేవండ్రా అని. అవి మామూలు కంటే వందల రెట్లు ఉన్నాయి. వెనకాల మెల్లగా తయారయ్యేవి ఉంటాయి, ఆ పురుగునే గుర్తుపెట్టుకుని కొట్టే బాణాలు. అవి ఇంకా మొదలవలేదు. అంటే ఈ చేపలకి పురుగు కొత్తగా తగిలింది. కోసేటప్పటికి రెండు మూడు రోజులు అయ్యుండొచ్చు. ఒకసారి గట్టిగా తగిలినట్టుంది. అన్ని చేపలదీ ఒకే లెక్క. చెరువులో దానంతటది పాకితే ఒకటి ముందూ ఒకటి వెనకా ఉండాలి."

"ఎవరో పోసినట్టు."

"ఆ మాట నేననను. మీరంటే కాదనను. ఇంకో సంగతండీ. పోయిన నెల ఇదే చెరువు నుంచి ముక్కలు వచ్చాయి, ఏదో పొడి తిన్న చేపలవట. అప్పుడు గంటల్లేవు, ఏం లేవు. పొడి పనిచెయ్యట్లేదని చెప్పాను. మళ్ళీ తీసి పంపిస్తామన్నారు."

నిదానం ఫోను జేబులో వేసుకున్నాడు.

"చచ్చిన చేప సాక్ష్యం చెప్పదు," అన్నాడు నిదానం. "మీరది మర్చిపోయారు డాక్టరుగారూ. కాదు, బాగా తెలుసు మీకు. కానీ పోలీసువారు చేపల్ని అడిగేసరికి అన్నీ సున్నంలోకి పోయాయి. ఫ్రిజ్జులో శనివారం కోసినవి ఉన్నాయి. వాటిమీద పురుగుమందు చుక్క వేసి ఇచ్చేశారు. విషం కోసం చూసేవాళ్ళు విషమే చూస్తారు, జీన్లు ఎవరు చూస్తారులే అనుకున్నారు."

"నేను... శనివారం నాకు ఒంట్లో బాలేదు. నేను కొయ్యలేదు!"

"తెలుసు. ఆ చేత్తో మీరు కొయ్యలేరు. ఎవరు కోశారు?"

డాక్టరు ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. "యజమానిని అడగండి. అంతా ఆయన చెప్పినట్టే చేశాను," అన్నాడు. అక్కడితో నోరు కట్టేసుకున్నాడు.

"ఆగండి, ఆగండి." ఇన్‌స్పెక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. "నాకు అర్థమయ్యేట్టు చెప్పండి. తన చెరువులో తనే రోగం పోసుకుంటాడా ఎవడైనా?"

"చంపడానికి కాదు. గంట మోగించడానికి. పొడి పెడితే జీన్లు లేవలేదు. పురుగు పోస్తే లేస్తాయి. కొంచెంగా పోసి, గంట మోగగానే చేపల్ని కోసి, చూశారా మా పొడి మహిమ అని చూపిద్దామనుకున్నారు. కొంచెం ఎక్కువైంది. చేపలు తిరగబడ్డాయి. అదే టైములో బామ్మర్ది వచ్చి నలుగురి ముందు అరిచాడు. దొంగకి చీకటి దొరికినట్టు దొరికాడు వీళ్ళకి. ఖాళీ డబ్బా తెచ్చి గడ్డిలో పడేశారు."

"ఇదంతా మీ ఊహ."

"ఊహే. తొట్టి మాత్రం ఊహ కాదు. చెయ్యి పెట్టి చూడండి. ఇవాళ పొద్దున ఎవరో ఇక్కడ బతికున్న చేపని కోశారు."

ఇన్‌స్పెక్టరు వంగి తొట్టి వాసన చూశాడు. లేచేటప్పటికి మొహంలో వెటకారం లేదు. ఉన్నదల్లా విసుగు, అది కూడా తన మీద తనకే. కానిస్టేబుల్‌ని పిలిచి డాక్టరు పక్కన నిలబెట్టాడు.

"గురువుగారూ, ఒక మాట. మీ జీన్ల మేడమ్ కోర్టుకొచ్చి వంటల పుస్తకం, గంటలు అంటే జడ్జి నవ్వుతాడు. అవతల వాడు 'నేనే పోశాను' అంటున్నాడు. వాడి నోటి మీద నేను కూర్చోలేను. నాకు మనిషి కావాలి. కోసిన మనిషి."

"ఐదింటికి టైముంది కదా," అన్నాడు నిదానం. జీపెక్కాడు.

*

ఆవిడ అదే బెంచీ మీద ఉంది. సంచీ అదే ఒళ్ళో ఉంది. నిదానం పక్కన కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరు లోపలికి వెళ్ళాడు. తలుపు తెరిచే ఉంది. లోపల కుర్చీలో చెరువుల యజమాని కూర్చుని ఉన్నాడు, కోర్టుకి వెళ్ళే జీపు కోసం. బామ్మర్దిని జైలుకి పంపేదాకా దగ్గరుండాలని వచ్చాడు కాబోలు. పెళ్ళాం బయట ఉందని చూసే ఉంటాడు. పలకరించలేదు.

"ఏ పన్నమ్మా నొప్పి?" అన్నాడు నిదానం, చిన్నగా.

ఆవిడ చేతులు సంచీ కిందకి లాక్కుంది.

"పన్ను నొప్పికి దూదితో పెట్టుకుంటారు. నోరు వాసనొస్తుంది. నీకు వేళ్ళు వాసనొస్తున్నాయి."

"అన్నయ్యా..."

"నేను కోప్పడటానికి రాలేదు. ల్యాబ్ మేడమ్ నీ చేతిని మెచ్చుకుంది. కండ అంటకుండా తీశావట. అంత శుభ్రంగా తీసేది ఆ చెరువుల దగ్గర ఇంకెవరు? డాక్టరు టీ కూడా వంపుకోలేడు."

వరండా మెట్ల మీద ఒకతను సైకిలు తాళం వెతుక్కుంటున్నాడు. దొరికింది. వెళ్ళిపోయాడు.

"మొదట్లో డాక్టరే నేర్పాడు," అంది ఆవిడ. మెల్లగా మొదలుపెట్టింది, గొంతు మాత్రం తొణకలేదు. "నాకు బాగా వచ్చింది. ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు, అక్క ముళ్ళు లేకుండా ప్రాణం కూడా తీయగలదని. బుధవారం మా ఆయన బకెట్టు ఇచ్చారన్నయ్యా. బలం నీళ్ళు, నాలుగో చెరువులో చుట్టూ తిరిగి పొయ్యి అన్నారు. విరిగిన పాల వాసనొచ్చింది. అడిగాను. పొడి నానబెడితే అంతే అన్నారు. పోశాను. శనివారం కోస్తుంటే తల కిడ్నీ ఉబ్బిపోయి ఉంది. మామూలుకి రెండింతలు. చేప కళ్ళు బయటికొచ్చాయి. అది బలం కాదు. రోగం."

"తమ్ముడికి చెప్పావు."

"ఆదివారం. ఇంకెవరికి చెప్పను? నా చేత్తో పోశాన్రా, రేపటికల్లా అన్నీ తేల్తాయి, మీ బావ నా మాట వినట్లేదు, నువ్వయినా చెప్పి నీళ్ళు మార్పించు అన్నాను. వాడు వెళ్ళి చెప్పాడు. వాడికి చెప్పడం చేతకాదన్నయ్యా. ఏది చెప్పినా పోట్లాటే. జాగ్రత్త అని చెప్పడానికి కూడా అరుస్తాడు."

"ఇప్పుడు నీ పేరు రాకూడదని నోరు మూసుకున్నాడు."

"నేను కూడా మూసుకునే కూర్చున్నాను కదా మూడు రోజులు." ఆవిడ సంచీ తెరిచింది. లోపల అన్నం ఫ్లాస్కు. మూత తీస్తే ఐసు ముక్కలు, వాటి మధ్య ఎర్ర మూతల సీసాలు. లవంగాల వాసన. "నాలుగో చెరువులో ఐదు చేపలు చావలేదు. ఎవరికీ చెప్పకుండా వలలో వేసి దాచాను. ఇవాళ పొద్దున కోశాను. అన్నీ తీశాను, మొప్పలు, కాలేయం, తల కిడ్నీ. విషం ఉంటే వీటిల్లోనూ ఉండాలి కదా. ఉండదు. మీ చేతిలో పెడదామని ఇక్కడికి వచ్చి, పెట్టలేక కూర్చున్నాను. ఇవి పెడితే నేనూ పోతాను, ఆయనా పోతారు."

నిదానం ఫ్లాస్కు అందుకోలేదు. "నాకిస్తే ఇది నా ఊహ. లోపల ఇస్తే సాక్ష్యం," అన్నాడు.

ఆవిడ మూత బిగించింది. లేచింది.

లోపలికి వెళ్ళగానే యజమాని కుర్చీలోంచి సగం లేచాడు. "నువ్వెందుకొచ్చావ్ లోపలికి? ఇంటికి పద."

ఆవిడ మొగుడి వైపు చూడలేదు. ఫ్లాస్కు తీసుకెళ్ళి ఇన్‌స్పెక్టరు బల్ల మీద పెట్టింది. "ఇవి బతికున్న చేపలవి సార్. కోసింది నేను. శనివారంవి కోసింది కూడా నేనే. బకెట్టు చెరువులో పోసింది నేను. ఇచ్చింది ఈయన. మా తమ్ముడు బెదిరించలేదు, నేను చెప్పమంటే చెప్పాడు."

"అక్కా! వద్దే!" లాకప్‌లోంచి ఊచలు మోగాయి. "సార్, దానికేం తెలీదు సార్! నేనే పోశాను!"

"నోర్ముయ్యరా," అంది ఆవిడ అటు తిరక్కుండానే. "నీకు డబ్బా రంగు కూడా తెలీదట."

సెంట్రీ నవ్వాపుకోవడానికి దగ్గాడు. ఇన్‌స్పెక్టరు ఫ్లాస్కు మూత తీసి చూసి, మళ్ళీ పెట్టి, బల్ల సొరుగులోంచి లాకప్ తాళాలు తీసి పక్కన పెట్టుకున్నాడు. ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. "ఏమంటారు మీరు?" అన్నాడు యజమానితో.

"పెళ్ళాం పిచ్చి మాటలు విని కేసు మారుస్తారా? పుట్టింటి మీద మమకారం. రేపు కంపెనీ వాళ్ళు వచ్చి వెళ్ళాక మాట్లాడుకుందాం."

"కంపెనీ వాళ్ళకి ఏం చూపిస్తారు?" అడిగాడు నిదానం గుమ్మంలోంచి. "నాలుగో చెరువు పోయిందిగా."

"రెండోది ఉంది."

"రెండో చెరువులో చేపలకి గంట మోగుతోందా?"

యజమాని చేతి వాచీ సర్దుకున్నాడు. నిదానం తన అలవాటు ప్రకారం కాచుకున్నాడు. అందరూ ఆ మనిషినే చూస్తున్నారు. అప్పుడు కనపడింది నిదానానికి. ఇస్త్రీ చొక్కా, మంచి వాచీ, మోకాళ్ళ దాకా తడిసిన ప్యాంటు. మడమల దగ్గర పచ్చటి నాచు ఇంకా ఆరలేదు.

"షెడ్డులో బకెట్ల గుర్తులు రెండున్నాయి," అన్నాడు నిదానం. "నువ్వు పోసింది ఎన్నమ్మా?"

"ఒక్కటే అన్నయ్యా." ఆవిడ కూడా మొగుడి కాళ్ళ వైపు చూస్తోంది. "రెండో బకెట్టు ఫ్రిజ్జు పక్కన పెట్టించారు. వద్దు, అది పారబోద్దాం అన్నాను. సరే అన్నారు."

"పారబోశారా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

యజమాని గొంతు సర్దుకున్నాడు. "ఈసారి తక్కువే వేశాం. డాక్టరు కొలిచి ఇచ్చాడు. ఏం కాదు."

ఇన్‌స్పెక్టరు లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. జీపు తియ్యమని బయటికి కేకేశాడు. ఆ కేకలో ఆవిడ గొంతు వినపడలేదు. మళ్ళీ చెప్పింది.

"రెండో చెరువు నీళ్ళు లోపల ఆగవు సార్. తూములోంచి బయటి కాలవలోకి పోతాయి. కింద ఉన్న చెరువులన్నీ ఆ కాలవ నీళ్ళే పెట్టుకుంటాయి. ఇప్పుడు వెళ్ళి తూము మూయకపోతే ఆదివారానికల్లా అందరి చేపలూ వెల్లకిలా తేల్తాయి."

ఈసారి ఆ మాటని బెదిరింపు అని ఎవరూ అనుకోలేదు.